క్రొత్త ఋతువునకు ముందు హాకీ జట్లు



నేను లేపాక్షి వాస్తవ్యుడను. ముప్పది యేండ్లకు పైగా పిల్లలకు వ్యాకరణమును, ఛందస్సును చెప్పి విశ్రాంతి గైకొన్న బడిపంతులను. అట్టివాడు హాకీ యాటను గూర్చి రేడియోలో ప్రసంగించుట యేమని మీకు నవ్వు రావచ్చును. మొదట నాకును వచ్చినది. కాని యీ వృద్ధాప్యమున నాకొక గురువు దొరకినది. ఆమె నా మనుమరాలు. పదుమూడేండ్లది. బడి జట్టులో గోలు కాచెడి పిల్ల. ఆమె చెప్పగా వినివిని నేనును ఆ యాటకు అభిమాని నైతిని.

హాకీ యన నేమో యెరుగని పెద్దల కొరకు రెండు మాటలు చెప్పెదను. జట్టునకు పదునొకండుగురు. చేత కొన వంగిన కఱ్ఱ, నేలపై గట్టి బంతి. ఆ బంతిని ఎదుటివారి గోలులోనికి కొట్టవలెను. పదునైదేసి నిమిషముల నాలుగు భాగములుగా అరువది నిమిషముల ఆట. చలిదేశములలో దీనికొక తోబుట్టువు గలదు. అది మంచు హాకీ. అందు జట్టునకు ఆర్గురే మైదానమున నుందురు; బంతికి మారుగా నల్లని చదునైన బిళ్ళ యుండును. మన దేశమున లడఖు వారు దానిని మిక్కిలి ప్రీతితో ఆడుదురు. చలికాలమున అచ్చటి చెరువులు గడ్డకట్టగా, ఆ మంచుపలకయే వారికి మైదానము.

ఈ సంగతి విన్ననాడు నాకు మన సీమ తలపునకు వచ్చినది. వారికి నీరు గడ్డకట్టిన చెరువు మైదానము. మనకు నీరెండిన చెరువు మైదానము. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడెడి యీ పీఠభూమిలో మన పిల్లలు బీటలు వారిన చెరువు నేలపైననే గదా పరుగెత్త నేర్చినది!

ఇక జట్ల ముచ్చట. హాకీ ఇండియా లీగు అను పోటీ 2013లో ఆరంభమై, 2017 తరువాత ఆగిపోయినది. ఏడేండ్లకు, 2024 డిసెంబరు 28 నాడు, మరల మొదలైనది. దానికి ముందు అక్టోబరు మాసమున ఢిల్లీలో ఆటగాండ్ర వేలము జరిగెను. జట్టునకు ఇరువది నలుగురు; వారిలో ఎనమండుగురు విదేశీయులు. పురుషుల జట్టొక్కొక్కటికి నాలుగు కోట్ల రూపాయలు వ్యయపరిమితి. ఇది విని, "మన సంతలో ఎడ్లకు బేరము చూచితిని గాని, మనుష్యులకు వేలమా?" యంటిని. మనుమరాలు, "తాతా, వెల కట్టునది మనిషికి కాదు, వాని ఆటకు" అన్నది. నాకు మారు పలుకుటకు తోచలేదు.

పురుషుల జట్లు ఎనిమిది. ఆట ఇంకను మొదలు కాలేదు. ఆటగాండ్ర బలాబలములు నే నెరుగను. పండితుడు గనుక పేర్లను పట్టుకొని విమర్శకు దిగితిని.

మొదటిది హైదరాబాదు తుపాను జట్టు. మన రాయలసీమవారికి తుపాను అనిన భయము కాదు, ఆశ. అది తూర్పుతీరమును తాకిననాడే గదా మనకు నాలుగు చినుకులు! రెండవది విశాఖపట్టణమునకు చెందిన గోనాసిక. గోవు ముక్కు అని యర్థము. ఒడిషాలో వైతరణీ నది పుట్టుచోటికి ఆ పేరున్నది. ఇరువదియేడడుగుల పొడవు, పదునైదడుగుల ఎత్తుగల ఏకశిలా నందిని నిత్యము చూచు లేపాక్షివాడు ఆ పేరును మెచ్చక యుండునా? మూడవది ఉత్తరప్రదేశపు రుద్రులు. మా ఊరి దేవర వీరభద్రుడు, రుద్రాంశసంభూతుడు. కావున గెలుపు వారిదేయని తేల్చి చెప్పితిని.

నాల్గవది సూర్మా, శూరుడనుట. పారిస్ ఒలింపిక్సులో 2024లో కాంస్యము గెలిచిన మన జట్టు నాయకుడు హర్మన్‌ప్రీత్ సింగును డెబ్బది యెనిమిది లక్షలకు వీరు తీసికొనిరి. ఆ వేలమున అదియే అత్యధికమైన వెల. ఐదవది కళింగము వారి బల్లెపు దండు; 2017లో గెలిచిన వారు వీరే. ఆరవది రాఢ వంగదేశపు పులులు. ఏడవది తమిళనాడు వారి డ్రాగనులు. ఎనిమిదవది ఢిల్లీ పైపర్లు. పేరున పిల్లనగ్రోవి వాదకులు గనుక యుద్ధమునకు పనికిరారని పరిహసించితిని.

ఫలితము వినుడు. నా రుద్రులు గాని, గోనాసిక గాని కడపటి నాలుగు జట్లలో నిలువలేదు. 2025 ఫిబ్రవరి 1 నాడు రూర్కెలాలో జరిగిన తుది పోటీలో వంగదేశపు పులులు హైదరాబాదు వారిని నాలుగు గోళ్ళకు మూడుగా ఓడించిరి. జుగ్‌రాజ్ సింగు ఒక్కడే మూడు గోళ్ళు కొట్టెను. మరుసటి ఋతువునకు గోనాసిక స్థానమున రాంచీ జట్టు వచ్చెను, రుద్రులును తప్పుకొనిరి. పేరు చూచి పెండ్లి కుదుర్చుకొన్నవాని గతియే నాకును పట్టినది. క్రొత్త ఋతువునకు ముందు కలిగెడి మొదటి అభిప్రాయము ఎంత రుచియో అంత మోసము.

అయినను ఒక అభిప్రాయము మాత్రము నేటికిని చెరగలేదు. నాడు తెలుగు పట్టణములకు చెందిన జట్లు రెండు. వానిలో తెలుగు పేర్ల కొరకు చెవి యొగ్గి వింటిని. హైదరాబాదు వారిలో నేను విన్న ప్రముఖులు సుమిత్, నీలం సంజీప్ సెస్, శిలానంద్ లాక్డా మొదలగువారు. మంచి ఆటగాండ్రు, నాకు వారిపై ఈర్ష్య లేదు. కాని మన పిల్లలేరి? హైదరాబాదు బిడ్డ ముకేశ్ కుమార్ 1992, 1996, 2000 ఒలింపిక్సులు మూడింటను భారతమునకు ఆడలేదా?

రూర్కెలా ఉన్న సుందర్‌గఢ్ జిల్లాను చూడుడు. అదియు సంపన్నమైన సీమ కాదు. అచ్చటి పల్లెలలో పిల్లలు వెదురుకఱ్ఱలతో ఆడుదురు. పల్లెకును పల్లెకును పోటీ పెట్టి గెలిచినవారికి మేకపోతును బహుమానముగా ఇత్తురు. అట్టి పల్లెలలో నొకటియైన సౌనామరలో పుట్టిన దిలీప్ తిర్కీ మూడు ఒలింపిక్సులాడి, 2022లో హాకీ ఇండియాకు అధ్యక్షుడాయెను. అక్కడి పెద్దలు పిల్లలకు ధన మీయలేదు. చుట్టును నిలిచి చూచిరి. ఆ చూపే వారికి బలమైనది.

ఇక నాదొక తప్పు చెప్పుకొనవలెను. చాలయేండ్ల క్రిందట నా తరగతిలో ఒక రైతుబిడ్డ యుండెను. వేగముగా పరుగెత్తెడిది, చక్కగా హాకీ ఆడెడిది. దూరపు ఊరి క్రీడావసతిలో ఆమెకు చోటు దొరకెను. తండ్రి నా యింటి యరుగుపై కూర్చుండి, "అయ్యవారూ, పంపుదునా, వద్దా?" యని అడిగెను. నేను క్షణమైన ఆలోచింపక, "ఆడపిల్ల, మనకెందుకు?" అంటిని. అతడు నా మాటను వేదవాక్యముగా గైకొని వెడలిపోయెను. ఆమె మరల కఱ్ఱ పట్టలేదు.

మొన్న నామె తన కొడుకుతో నన్ను చూడవచ్చినది. గోడకు చేరవేసియున్న మనుమరాలి హాకీకఱ్ఱను చేతబట్టుకొని, కొంతసేపు ఊరక నిలిచినది. నన్నొక్క మాటయు అనలేదు. అనియుండిన నాకు కొంత తేలికయై యుండెడిది.

నాటి ఉమ్మడి చిత్తూరు జిల్లాలోని ఎనుములవారిపల్లెలో ఒక వడ్రంగి యింట రజని ఎతిమరపు అను బిడ్డ పుట్టినది. ఆమె భారతదేశపు గోలు కాచెను. 2017 ఆసియా కప్పులో స్వర్ణము, 2018 ఆసియా క్రీడలలో రజతము గెలిచిన జట్లలో ఆమె యున్నది. ఆ వడ్రంగి నా వంటి పంతులను అడిగియుండిన ఏమయ్యెడిదో! 2025 జనవరిలో స్త్రీలకును నాలుగు జట్లతో లీగు మొదలైనది. ఆడపిల్లకు ఆట యెందుకను ప్రశ్నకు కాలమే ఉత్తరమిచ్చినది.

ఇటీవల నా మనుమరాలికిని దూరపు వసతిలో చోటు వచ్చినది. నా కొడుకు అదే యరుగుపై కూర్చుండి అదే ప్రశ్న యడిగెను. ఈ మారు నేను తొందరపడలేదు. కాదనుట యెంత సులభమో, కన్నుమూసికొని సరే యనుటయు అంతే సులభము. అచ్చట చదువు సాగునా? పిల్లలతో స్త్రీ యుపాధ్యాయులుందురా? దెబ్బ తగిలిన వైద్యమెవరు చేయింతురు? ఆట రాణింపకున్న వెనుకకు వచ్చి బడిలో చేరవచ్చునా? ఈ నాలుగును అడిగి, తండ్రి స్వయముగా పోయి చూచి వచ్చిన పిమ్మట, పంపుమంటిని. ఆమె వెళ్ళిన నాటినుండి ఇల్లు చిన్నబోయినది. అది నిజము, దాచను.

పెద్దలారా, మీ యరుగుమీదికిని ఇట్టి ప్రశ్న యెన్నడో వచ్చును. ఉత్తరమిచ్చుటకు ముందు, ఒక్క సాయంకాలము చెరువుగట్టున నిలిచి ఆ పిల్ల ఆడుట చూడుడు. మీ పల్లెకును పొరుగుపల్లెకును ఒక పోటీ పెట్టింపుడు. బహుమానమునకు మేకపోతే కానక్కరలేదు, బెల్లపు దిమ్మయైనను చాలును. క్రొత్త ఋతువునకు ముందు ఏ జట్టు గెలుచునో చెప్పబోయి నేను నవ్వులపాలైతిని. మన పిల్లలలో ఎవరు గెలుతురో ఆడకమునుపే తీర్పు చెప్పుట అంతకన్న పెద్ద పొరపాటు.

మన చెరువులు నిండి ఆ మైదానము మునుగునుగాక! అపుడు గట్టు మీద మరియొక చోటు చదును చేయుదము.

సెలవు.