ఆ ఒక్క నిమిషం క్లిప్‌లో లేని కథ

ఒక కోర్టు వీడియో మీలో చాలామంది చూసే ఉంటారు. తెల్ల గడ్డం పెద్దాయన ఒకరు, తన కూతుర్ని చంపినవాడితో "నిన్ను క్షమించాను" అంటారు. అప్పటిదాకా రాయిలా కూర్చున్నవాడు ఏడుస్తాడు. క్లిప్ అక్కడితో అయిపోతుంది. ఈ రోజు ఆ మిగతా కథ మాట్లాడుకుందాం.

వాడి పేరు గ్యారీ రిడ్జ్‌వే. అమెరికాలో సియాటిల్ దగ్గర ట్రక్కులకు పెయింట్ వేసేవాడు. 1982లో గ్రీన్ రివర్‌లో మొదటి శవాలు దొరికాయి. పోలీసులు 1987లోనే వీడి లాలాజలం శాంపిల్ తీసుకున్నారు. డీఎన్‌ఏ మ్యాచ్ అయ్యేసరికి 2001 వచ్చేసింది. 2003 నవంబర్‌లో 48 హత్యలు ఒప్పుకున్నాడు. పశ్చాత్తాపంతో అనుకుంటున్నారా? కాదండీ, అది డీల్. శవాలు ఎక్కడ పడేశాడో చూపిస్తే మరణశిక్ష అడగమని ప్రాసిక్యూషన్ ఒప్పుకుంది.

2003 డిసెంబర్ 18, శిక్ష వేసే రోజు. కుటుంబాలు ఒక్కొక్కటిగా లేచి మాట్లాడాయి. కొందరు శాపనార్థాలు పెట్టారు. వాడి ముఖంలో చలనం లేదు. ఆ పెద్దాయన క్షమించానన్నప్పుడే కన్నీళ్లొచ్చాయి. తర్వాత వాడు క్షమాపణ కూడా చదివాడు. జడ్జి రిచర్డ్ జోన్స్ మాత్రం కరగలేదు. నీ భావోద్వేగాలకు టెఫ్లాన్ పూత ఉందన్నట్టు మాట్లాడి, వెనక్కి తిరిగి ఆ కుటుంబాలను చూడమన్నారు. చనిపోయిన 48 మంది కోసం 48 సెకన్లు మౌనం పాటించారు. ఆ తర్వాత పెరోల్ లేని యావజ్జీవం.

ఇప్పుడు నా పాయింట్. ఆ క్లిప్ చూసి మనం "క్షమిస్తేనే గొప్ప" అని షేర్ చేసేస్తాం. మరి అదే హాల్లో తిట్టిన తల్లి తక్కువదా? ఆవిడ కడుపుకోత ఆవిడది. ఇంకోటి, ఆ తండ్రి మాట వాడు ఏడ్చాడు కాబట్టి విలువైంది కాదు. ఏడవకపోయినా ఆయన అదే చెప్పేవారు, అది ఆయన నమ్మకం. హంతకుడు మారితేనే మన మనసు కుదుటపడుతుంది అనుకుంటే, మన ప్రశాంతత తాళం కూడా వాడి చేతికే ఇచ్చినట్టు కదా?

మరి మాట్లాడి ఏం లాభం అంటారా? కేసు ఫైల్లో ఆ అమ్మాయి ఒక నంబర్. వాళ్ల నాన్న నోరు తెరిస్తే మళ్లీ ఒక మనిషి అవుతుంది. జడ్జి అది విన్నాకే శిక్ష వేస్తారు.

మన దగ్గర? నేరం రుజువయ్యాక శిక్ష గురించి ముద్దాయి మాట వినాలని చట్టంలోనే ఉంది. అది న్యాయమే, ఉండాలి. బాధితుల కుటుంబం లేచి తన గోడు చెప్పుకోవడానికి మాత్రం అలాంటి ప్రత్యేక ఘట్టం లేదు. 2018లో మల్లికార్జున్ కొడగలి కేసులో సుప్రీంకోర్టే ఈ అవసరాన్ని గుర్తుచేసింది.

శిక్ష ఎంతన్నది జడ్జి చూసుకుంటారు. కనీసం ఆ ఐదు నిమిషాలు ఆ అమ్మానాన్నలకి ఇవ్వొచ్చు కదండీ? ఆలోచించండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను.