వీణలో కోకిల: చిట్టిబాబు గారి రికార్డులు

మొన్న ఎల్లారెడ్డి నుంచి ఒక తమ్ముడు ఆడియో ఫైల్ పంపిండు. "అన్నా, ఇందులో వీణ కోకిల లెక్క కూస్తుంది, వాయించింది ఎవరు?" అని. ఫైల్ పేరు 'ట్రాక్ 03'. ఇంకేం లేదు.

అది 'కొమ్మలో కోయిల'. వీణ చిట్టిబాబు గారి సొంత రచన.

పియానోలో కీ నొక్కితే స్వరం ఫిక్స్. రెండు కీల నడుమ ఉన్న స్వరం మీకు దొరకదు. వీణలో అట్ల కాదు. మెట్టు మీద తీగను పక్కకు లాగితే స్వరం పైకి జారుతుంది, వదులుతుంటే కిందికి దిగుతుంది. ఒక్క మీటుకే ఇన్ని స్వరాలు! కోకిల గొంతు సాగుతుంది కదా, ఆ సాగుడంతా ఆయన ఎడమచేతి వేళ్లలో ఉంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకొని వినండి, తెలుస్తుంది.

ఆయన 1936లో కాకినాడలో పుట్టారు. గురువు ఈమని శంకరశాస్త్రి గారు. 1949 నాటి 'లైలా మజ్ను'లో చిన్నప్పటి మజ్నుగా నటించారు కూడా! తర్వాత మద్రాసులో సినిమా ఆర్కెస్ట్రాల్లో వాయించారు. 1964లో వచ్చిన తమిళ సినిమా 'కలైకోవిల్'లో హీరో వైణికుడు. తెర మీద నటుడు, వినిపించే వీణ మాత్రం చిట్టిబాబు గారిది.

కొద్ది నిమిషాల్లో ఒక బొమ్మ కట్టే పద్ధతి ఆ స్టూడియోల్లోనే అబ్బిందని నా అంచనా. 'కొమ్మలో కోయిల', 'వెడ్డింగ్ బెల్స్' లాంటివి రికార్డుకు సరిగ్గా సరిపోతాయి. "ఇవి గిమ్మిక్కులు" అనేవాళ్లు ఆయన త్యాగరాజ కృతులు ఒకసారి విని రండి, అప్పుడు మాట్లాడుకుందాం.

1996లో, అరవై నిండకముందే పోయారు. ఇక మనకున్నది రికార్డులే. ఇక్కడే నాలోని సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ లేస్తడు. క్యాసెట్ నుంచి ఎంపీత్రీ చేస్తే శబ్దం వస్తుంది కానీ పేర్లు రావు, చేత్తో టైప్ చేయాలి. ఎవరూ చేయలే. మా కామారెడ్డిలో మెమరీ కార్డులు నింపిన రోజుల్లో ఇవన్నీ 'వీణ ఇన్‌స్ట్రుమెంటల్' అనే ఒకే ఫోల్డర్‌లో పడ్డయి. వాయించిన మనిషి పేరే పోయింది, ఇక మృదంగం ఎవరిదో ఎవరికి తెలుస్తది?

మీ ఇంట్లో ఆయన పాత క్యాసెట్ ఉంటే వెంటనే ప్లేయర్‌లో పెట్టకండి. టేపు మీద తెల్లగా బూజు ఉందా, వెనక చిన్న ప్యాడ్ ఊడిందా చూడండి. అంతకంటే ముందు కవర్ రెండు వైపులా ఫోటో తీసి పెట్టుకోండి. పేర్లన్నీ ఉండేది ఆ కాగితం మీదనే.