కట్టుకునేది వేరు, తొడుక్కునేది వేరు

లగ్గాల కాలం దగ్గర పడింది, ఎవరి ఇంట్లో వాళ్లకు పనులున్నాయి. అయినా ఇంతమంది వచ్చారు కాబట్టి నేరుగా విషయంలోకే వెళ్తాను.

మోమిన్‌పేట్ చుట్టుపక్కల ఊళ్లలో పెండ్లి బట్టలు కొనే తీరు మారింది. ఇంటిల్లిపాదీ బండి మాట్లాడుకుని సదాశివపేటకో, వికారాబాద్‌కో, నాలుగు డబ్బులు ఎక్కువుంటే పట్నంలో పత్తర్‌గట్టీకో పోవడం ఇప్పటికీ ఉంది. కానీ పెండ్లిపిల్ల బెంగళూరులో ఉద్యోగం చేస్తూ ఉంటుంది. తల్లి దుకాణంలో కూర్చుని వీడియో కాల్‌లో చీర విప్పి చూపిస్తుంది. లేదా పిల్లే రాత్రిపూట ఫోన్లో చూసి డబ్బు కట్టేస్తుంది. కుట్టుపని, బట్టల నాణ్యత నేర్పేదాన్ని కాబట్టి తల్లులు నన్నడుగుతుంటారు: "ఒంటిమీద వేసి చూడకుండా పెండ్లి బట్ట కొనొచ్చా మేడమ్?"

ఏ బట్ట అన్నది ముందు చెప్పండి అంటాను. చీరైతే నిశ్చింతగా కొనొచ్చు. జాకెట్టు, లెహంగా, షేర్వాణీ అయితే వద్దు.

మన పెండ్లి బట్టల్లో చాలావరకు కట్టుకునేవే. పంచె, కండువా, చీర ఏవీ మనిషి కొలతకు పుట్టినవి కావు. అయిదున్నర మీటర్ల చీర సన్నటి పిల్లకూ సరిపోతుంది, పుష్టిగా ఉన్న పిల్లకూ సరిపోతుంది, కుచ్చిళ్లు ఒకటో రెండో తేడా వస్తాయంతే. మన తండాల్లో పెద్దవాళ్లు వేసుకునే కాంచళి వీపు మీద తాళ్లతో ముడేసేది, ఒళ్లు కాస్త అటూఇటూ అయినా ముడే సర్దుకుంటుంది. నిఖాలో హైదరాబాదీ పెండ్లికూతురు వేసుకునే ఖడా దుపట్టాలో ఆ ఆరు గజాల దుపట్టాకు కొలత అక్కర్లేదు, లోపలి కుర్తీకే కావాలి. 1840లో విక్టోరియా రాణి పెండ్లి తర్వాత తెల్ల గౌనుకు గిరాకీ పెరిగిన దేశాల్లో సంగతి వేరు. అది ఒంటికి అతికినట్టు ఉండాల్సిన బట్ట. అందుకే అక్కడ నమూనా గౌను తొడిగి చూసి, నెలల ముందు ఆర్డరిచ్చి, వచ్చాక మళ్లీ సరిచేయించుకుంటారు. ఆ జాగ్రత్త చీర విషయంలో మనకు అక్కర్లేదు. రిసెప్షన్ లెహంగా విషయంలో మాత్రం అచ్చంగా అదే కావాలి, అక్కడే మనవాళ్లు తొందరపడతారు.

చీరకు సైజు చూడనక్కర్లేదన్నాను గానీ, చూడాల్సినవి వేరే ఉన్నాయి. మొదటిది రంగు. దుకాణంలో దీపాలు పసుప్పచ్చగా ఉంటాయి, ఫోన్ కెమెరా తనకు తోచినట్టు రంగు సర్దేస్తుంది. పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు వేసి నేసిన చీర అయితే మరీ కష్టం. మడత తిప్పితే నెమలికంఠం రంగు కాస్తా ఊదాగా కనిపిస్తుంది. అందుకని దుకాణదారును బతిమాలైనా సరే, చీర గుమ్మం బయటికి తెప్పించి పగటి వెలుతురులో వీడియో తీయించండి. పక్కన ఒక తెల్ల కాగితం పెట్టమనండి. ఫోన్లో ఆ కాగితం పసుప్పచ్చగా కనిపిస్తే, చీర రంగూ అంత మేరకు తప్పే చూపిస్తోందన్నమాట. రెండు వైపులా చూపించమనాలి. పోచంపల్లి ఇక్కత్‌లో నూలుకు ముందే ముడులేసి రంగులద్ది ఆ తర్వాత నేస్తారు కాబట్టి బొమ్మ రెండు వైపులా ఒకేలా ఉంటుంది, అంచులు కాస్త చెదిరినట్టుంటాయి. అచ్చు వేసిన నకలుకు గీతలు కత్తితో కోసినట్టుంటాయి, వెనక్కి తిప్పితే వెలవెలబోతుంది. గద్వాల చీరలో నూలు ఒంటికి పట్టు అంచును కలిపే అతుకు కూడా వెనకవైపే బాగా తెలుస్తుంది.

ఇక పోగు. బిల్లు మీద ఆర్ట్ సిల్క్ అని రాసి ఉంటే అది పట్టు కాదు, ఎంత మెరిసినా కాదు. 2004లో వచ్చిన సిల్క్ మార్క్ చీటీ, కేంద్ర పట్టు మండలి తరఫున, బట్ట అసలు పట్టేనని చెబుతుంది. అంతవరకే. చేనేతో కాదో అది చెప్పదు, దానికి 2006లో వచ్చిన హ్యాండ్లూమ్ మార్క్ వేరే ఉంది. జరీ మంచిదా కాదా అన్నది రెండూ చెప్పవు. చీటీ లేకపోతే పోగు కాల్చి చూడటమే. పట్టు పోగు వెంట్రుక కాలిన వాసన వేస్తుంది, వేళ్ల మధ్య నలిపితే పొడి అయిపోతుంది. పాలిస్టర్ కరిగి గట్టి పూసలా ముద్దకడుతుంది. ఇక్కడ చాలామంది చేసే పని, కొంగు చివర వేలాడే పోగు ఒకటి లాగి కాల్చి, పట్టే అని సంతోషపడటం. కొంగు చివర వేలాడేది పడుగు. పడుగు పట్టు, పేక పాలిస్టర్ అయిన చీరలు బజారులో ఉన్నాయి. రెండూ తీసి చూడాలి.

ఇప్పుడు జాకెట్టు. నాకు కోపం వచ్చేది ఇక్కడే. లక్ష రూపాయల చీరకు రోజంతా బేరమాడి, దాని జాకెట్టు కొలతలు వాట్సాప్‌లో పంపేస్తారు. నిరుడు వేసుకున్న ఆది జాకెట్టు పంపిస్తే చాలనుకుంటారు. నిశ్చితార్థానికీ పెండ్లికీ మధ్య పిల్ల ఒళ్లు మారుతుంది. కొందరు తగ్గుతారు, విందులు తిని కొందరు పెరుగుతారు. మామూలు జాకెట్టైతే కుట్టు విప్పి సర్దొచ్చు. మగ్గం వర్క్ అయితే కుదరదు. ముందు గుడ్డ మీద మెడ, చేతులు గీస్తారు, చట్రానికి బిగించి పని చేస్తారు, ఆ తర్వాతే కత్తిరిస్తారు. పూసలూ జర్దోసీ పడ్డాక మెడ అర అంగుళం జరపాలన్నా పని చెడిపోతుంది. కాబట్టి వర్క్‌కు ఇవ్వకముందే, లైనింగ్ గుడ్డతో ఒక నమూనా జాకెట్టు కుట్టించండి. ఆ లైనింగ్‌ను ముందు రాత్రి నీళ్లలో నానబెట్టి ఆరేశాకే కత్తిరించాలి, లేదంటే ఉతికాక అదొక్కటే కుదించుకుపోయి పైన పట్టు ముడతలు పడుతుంది. నమూనాకు అయ్యే ఖర్చు మగ్గం కూలితో పోలిస్తే లెక్కలోకి రాదు.

ఆ నమూనా వేసుకుని అద్దం ముందు నిలబడితే పరీక్ష అయినట్టు కాదు. పెండ్లిలో పిల్ల ఏం చేస్తుంది? తనకన్నా పొడుగ్గా ఉన్న పిల్లగాడి నెత్తిన జీలకర్ర బెల్లం పెట్టాలి. పోటీలు పడి తలంబ్రాలు పోయాలి, అప్పుడు రెండు చేతులూ తలపైకి లేస్తాయి. పీట మీద గంటల తరబడి కూర్చోవాలి, వంగి పెద్దల కాళ్లకు మొక్కాలి. ఇవన్నీ ఇంట్లో చేయించి చూడండి. చంక దగ్గర పట్టేస్తే అప్పుడే తెలుస్తుంది. లోపల ఏ బాడీ వేసుకోబోతోందో అదే వేసుకుని చూడాలి, ఈ మాట చెప్పడానికి దర్జీలు మొహమాటపడతారు, నేను పడను.

పిల్లగాళ్ల షేర్వాణీ గురించి రెండే మాటలు. నడుము బిగుతైతే లోపల కుట్టు దగ్గర గుడ్డ వదిలి ఉంటే విప్పొచ్చు. భుజం తేడా వస్తే విప్పలేరు, ఎంబ్రాయిడరీ అడ్డం వస్తుంది. భుజం కుట్టు భుజపుటెముక చివర ఆగాలి. తొడిగి చూడందే అది తెలియదు.

డబ్బు పోతే ఎలా అని అడుగుతారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువేమీ రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకుని డబ్బు తిరిగివ్వనంటే అది అక్రమ వ్యాపార పద్ధతి. ఫోన్లో కొన్నవాటికి 2020లో వేరే నియమాలు వచ్చాయి, ప్రకటనలో చూపినట్టు లేని సరుకును అమ్మినవాడు వెనక్కి తీసుకోననడానికి వీల్లేదు. ఫిర్యాదుకు 1915 నంబరుకు ఫోన్ చేయొచ్చు. కేసు వేయాల్సి వచ్చినా అమ్మినవాడి ఊరికి పోనక్కర్లేదు, మీరుండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయొచ్చు, సరుకుకు కట్టిన డబ్బు 5 లక్షల వరకు అయితే రుసుము కూడా లేదు. కానీ రంగు నచ్చలేదంటే అది లోపం కాదు. మన కొలతలిచ్చి కుట్టించినదాన్ని మామూలుగా ఎవరూ వెనక్కి తీసుకోరు. పైగా ముహూర్తం ఏ కమిషన్ కోసమూ ఆగదు. ఆషాఢం తగ్గింపుల్లో కొని శ్రావణంలో పెండ్లి పెట్టుకున్నవాళ్లకు ఇది ముఖ్యం, చీర మార్చుకోవడానికి వ్యవధి ఉంటుందేమో గానీ మగ్గం వర్క్ మళ్లీ చేయించడానికి ఉండదు. అలాంటప్పుడు చీర ఫోన్లో కొన్నా, జాకెట్టు మాత్రం ఇక్కడి దర్జీ దగ్గరే కుట్టించండి.

సంచుల్లో చీరలు తెచ్చినవాళ్లు కొందరు కనిపిస్తున్నారు. ముందుకు రండి, పడుగు ఒకటి పేక ఒకటి తీసి కాల్చి చూద్దాం. ఎవరైనా ఆ ఫ్యాను ఆపండి.