బడి జీతము, పంతులు జీతము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇట్టి సభలలో పుస్తకముల మహిమను గూర్చి మాట్లాడుట వాడుక. ఆ పని నాకంటె బాగుగా చేయగలవారు వేదికపై నున్నారు. నేను లెక్కలు వ్రాయువాడను గనుక ఒక లెక్కను గూర్చియే చెప్పుదును. 2020, 2021 సంవత్సరములలో కరోనా వ్యాధిచే బడులు మూతపడినప్పుడు ఎవరు ఎవరికి బాకీపడిరి, ఆ బాకీని చట్టము ఎట్లు తీర్చినది, ఎవరి బాకీని తీర్చకయే విడిచినది అనునది నా విషయము. నాడు రుసుము కట్టలేకపోయిన తలిదండ్రులును, జీతము ముట్టని ఉపాధ్యాయులును, ఇరువురి నడుమ నలిగిన యాజమాన్యమువారును ఈ సభలోనే కూర్చుండియున్నారు. ఎవరిని నొప్పించుటకును నేను లేచి నిలువలేదు.

మన పెద్దలు బడికి కట్టు రుసుమును జీతమనియే అనెడివారు. పంతులు పుచ్చుకొనునదియు జీతమే. ఒకరి చేతినుండి వెడలినది మరియొకరి చేతికి చేరును గనుక రెంటికి ఒకే మాట చాలినది. చట్టము మాత్రము వీనిని వేర్వేరు ఖాతాలలో వ్రాసినది. చిక్కంతయు నక్కడ పుట్టినది.

మొదట కూలి సంగతి. బొంబాయిలో ప్లేగు చెలరేగిన కాలమున 1897లో చేసిన అంటువ్యాధుల చట్టము నాలుగే సెక్షన్లది. అందులో రాకపోకలను అరికట్టు అధికారము గలదు గాని, పని నిలిచినవాని కడుపు మాట లేదు. అందుచేత కేంద్ర ప్రభుత్వము 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టమును ఆశ్రయించి, పరిశ్రమలు, దుకాణములు, వాణిజ్య సంస్థలు తమ పనివారికి కోత లేకుండ కూలి చెల్లింపవలెనని 2020 మార్చి 29న ఉత్తర్వు చేసెను. బడి పేరు అందు లేదు. ఆ ఉత్తర్వైనను ఏబది దినములకే, మే 18 నుండి, తొలగిపోయెను. యజమానులు న్యాయస్థానమునకు పోగా, జూన్ 12న సుప్రీంకోర్టు, ఇరుపక్షములవారు కూర్చుండి మాట్లాడుకొనుడనియు, అంతవరకు యజమానులపై నిర్బంధ చర్య వలదనియు చెప్పెను. మాట్లాడుకొనుట మంచిదే. ఆకలిగొన్నవాడును, గిడ్డంగి గలవాడును ఒకే చాపపై కూర్చున్నను బేరము సమానము కాదని మాత్రము నా అభిప్రాయము.

ఇక రుసుము. ఇక్కడ చట్టము కొంత చురుకుగా నడిచినది. తెలంగాణ ప్రభుత్వము 2020 ఏప్రిల్ 21న 46వ నంబరు జీవో ద్వారా, ఆ విద్యాసంవత్సరమున ప్రైవేటు బడులు రుసుము పెంచరాదనియు, బోధన రుసుమును మాత్రమే నెలనెలకు తీసికొనవలెననియు ఆజ్ఞాపించెను. రాజస్థాన్‌లోని ప్రైవేటు బడుల వ్యాజ్యములో 2021 మే 3న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఇంతకంటె వివరమైనది. బడి నడువని కాలమున విద్యుత్తు, నీరు, ఇంధనము, మరమ్మతుల వ్యయము మిగిలినది గనుక ఆ మిగులును యాజమాన్యము తన లాభముగా ఉంచుకొనరాదని చెప్పి, సంవత్సర రుసుములో నూటికి 15 తగ్గించెను. మిగిలినది ఆరు వాయిదాలలో కట్టవచ్చును. బాకీ ఉన్నదని బిడ్డను తరగతినుండి తొలగింపరాదు, ఫలితములను ఆపరాదు. ఇరువది వేల రుసుము గలచోట మూడు వేలు తగ్గి, పదునేడు వేలు కట్టవలసియుండును. పిల్లవాని హక్కును, బడి ఖర్చును ఒకే త్రాసులో తూచిన ఈ తీర్పు నాకు నచ్చినది.

ఆ పదునేడు వేలలో పంతులుకు ఎంత చేరెను? ఆ వ్యాజ్యములో తేల్చవలసిన వివాదము అది కాదు.

పంతులు తానే న్యాయస్థానమునకు పోవచ్చును గదా యందురు. 1947 నాటి పారిశ్రామిక వివాదముల చట్టము ప్రకారము ఉపాధ్యాయుడు ‘కార్మికుడు’ కాడని 1988లో సుప్రీంకోర్టు గోవాకు చెందిన యొక ఉపాధ్యాయురాలి వ్యాజ్యములో నిర్ణయించెను. విద్య నేర్పుట మహత్కార్యము, దానిని మామూలు పనులతో జతపరుపరాదని భావము. గౌరవము దక్కినది, కార్మిక న్యాయస్థానపు తలుపు మూతపడినది! గ్రాట్యుటీ విషయమునను 2004లో ఇట్టి తీర్పే వచ్చెను. పిమ్మట 2009లో పార్లమెంటు చట్టమును సవరించి, 1997 నుండియే వర్తించునట్లు చేసెను. ప్రైవేటు బడులు దానిని ఎదిరింపగా 2022 ఆగస్టు 29న సుప్రీంకోర్టు సవరణను నిలిపెను. ఒక్క గ్రాట్యుటీ కొరకే ఇంత కాలము పట్టినది.

ఆదిపర్వమున ద్రోణుని కథ మీరందరు విన్నదే. తోటి బాలురు పాలు త్రాగుట చూచి అశ్వత్థామ యేడ్చెను. పిల్లలు పిండి కలిపిన నీరు పోయగా పాలు త్రాగితినని గంతులు వేసెను. ఆ ఇంట పాలు లేకపోవుటకు తండ్రి విద్యలో లోపము కారణము గాదు, ఆ విద్యకు కొలువు లేకపోవుట కారణము. భీష్ముడు పిలిచి కొలువిచ్చిన పిదపనే ఆ విద్య లోకమునకు పనికివచ్చెను. 2021 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వము గుర్తింపుగల ప్రైవేటు బడుల ఉపాధ్యాయులకు, సిబ్బందికి నెలకు రెండు వేల రూపాయలు, 25 కిలోల బియ్యము ప్రకటించినప్పుడు నాకు ఈ కథయే స్ఫురించినది. ఆ సాయము మేలైనది. అయినను అది జీతము గాదు.

చట్టములో ఏ ఆధారమును లేదనుకొనవలదు. 1982 నాటి విద్యాచట్టమున 79వ సెక్షన్ ప్రకారము అభియోగము తెలిపి, విచారణ జరిపి తప్ప ప్రైవేటు బడి ఉపాధ్యాయుని తొలగింపరాదు. 1994 జనవరి 1 నాటి జీవో నియమములలో రుసుము రాబడిలో సగము జీతములకు వెచ్చింపవలెనని యున్నది. ఇవి యుండియు ఎందరికి అక్కరకు వచ్చినవి? నియామక పత్రము లేదు, జీతపు రసీదు లేదు, చేతికిచ్చిన నోట్లకు సాక్షి లేడు. వ్రాత లేని బాకీని ఏ న్యాయాధిపతి తీర్చగలడు?

కావున తలిదండ్రులకు ఒక మనవి. రుసుము తగ్గింపుడని అడుగ బోవునప్పుడు జీతముల పట్టీని కూడ చూపుమని అడుగుడు. యాజమాన్యమువారు నిజముగా నష్టపడియున్నచో ఆ పట్టీయే వారి పక్షమున సాక్ష్యము పలుకును. ఉపాధ్యాయులారా, నియామక పత్రము లేనిదే పాఠము మొదలుపెట్టకుడు. అడుగుటకు మొగమాటపడువారు నలుగురు కలిసి అడుగవచ్చును.

విద్యాచట్టమును, నేను చెప్పిన జీవోలను, తీర్పులను ప్రతులు తీయించి మన గ్రంథాలయమున కొప్పగించితిని. అవి పత్రికల బల్ల ప్రక్క అలమరలో నున్నవి. ఇంటికి ఇయ్యబడవు, ఇక్కడనే కూర్చుండి చదువుకొని, కావలసిన భాగము వ్రాసికొని పోవచ్చును. ఇంగ్లీషు తీర్పులు చదువుట కష్టమైనవారికి ఆదివారము సాయంకాలము నేను దగ్గర కూర్చుండి చదివి చెప్పుదును.