సిరోంచ బడికి తంబురా



ఈ పూట మీకు తంబురాను పరిచయం చేయాలని వచ్చాను. పాటకచేరీలో గాయకుడి వెనకాల కూర్చుని ఎవరో ఒకరు దాన్ని మీటుతూనే ఉంటారు. చప్పట్లు మాత్రం పాటకూ, వయొలిన్‌కూ, మృదంగానికీ దక్కుతాయి. అయినా పిల్లలకు శాస్త్రీయ సంగీతం రుచి చూపించాలంటే వాళ్ల ముందు మొట్టమొదట పెట్టవలసింది తంబురానే. గోదావరి ఒడ్డున మహారాష్ట్ర అంచులో ఉన్న సిరోంచ వైపు బడుల్లో పిల్లలతో కూర్చున్నాక ఆ మాట మరింత గట్టిగా అనగలుగుతున్నాను.

దానికి నాలుగే తీగలు. పంచమం, సారణి, అనుసారణి, మంద్రం. మెట్లు లేవు, కాబట్టి దాని మీద పాట వాయించలేం. తీగకూ, అది ఆనే గుర్రానికీ నడుమ ఒక సన్నని దారపు పోగు ఉంటుంది. దాన్ని జీవ అంటారు. దాన్ని వెంట్రుకవాసి జరిపితే, అంతదాకా మొద్దుగా మోగిన తీగ ఒక్కసారిగా విచ్చుకుంటుంది. శ్రుతి నిక్కచ్చిగా కుదిరినప్పుడు మంద్రం తీగలోంచి గాంధారం వినిపిస్తుంది. ఆ స్వరానికి మనం ఏ తీగనూ కట్టలేదు. తీగ కదిలితే దాని మొత్తం నిడివే కాదు, సగమూ, మూడో వంతూ, నాలుగో వంతూ, ఐదో వంతూ కూడా వేటికవి కంపిస్తాయి. ఆ ఐదో వంతు పలికేదే అంతర గాంధారం. పిల్లలను కళ్లు మూసుకోమని, మీటనిది ఏదైనా వినిపిస్తోందేమో చూడమంటాను. కాసేపటికి వెనక వరుసలోంచి ఎవరో, "సార్, ఆ సన్నటి సప్పుడు ఎక్కడికెళ్లి వస్తంది?" అని అడుగుతారు. ఆ ప్రశ్న పుట్టిందంటే సంగీతంలో సగం పాఠం అయినట్టే.

నా తంబురా మిరజ్‌లో పుట్టింది. సిరోంచ ఉన్న మహారాష్ట్రలోనే, కానీ ఆ రాష్ట్రానికి అవతలి కొసన ఉందా ఊరు. అక్కడి శికల్‌గార్‌లు ఒకప్పుడు కత్తులకు పదును పెట్టినవాళ్లు. రాజ్యాలు పోయి కత్తులు అడిగేవాళ్లు తగ్గాక, 19వ శతాబ్దం నడిమి నుంచి ఆ కుటుంబాలవాళ్లు సితార్లు, తంబురాలు చేయడానికి పూనుకున్నారు. పెద్ద సొరబుర్రను ఎండబెట్టి, కోసి, దానికి కర్ర మెడను అతికి, గుర్రం పైతలాన్ని తీగ కింద వంపు తిరిగేలా చేత్తో రాపాడతారు. అసలు విద్యంతా ఆ రాపులోనే ఉంది. 2024లో మిరజ్ సితారుకూ తంబురాకూ భౌగోళిక గుర్తింపు వచ్చింది. సిరోంచ బడిలో మాడియా గోండు పిల్లలైతే తంబురాలో ముందు గుర్తుపట్టేది సొరబుర్రనే. నీళ్లు మోసే బుర్ర ఇంత పెద్దదవుతుందా అని చేత్తో తట్టి చూస్తారు. నేను వారించను.

ఇప్పుడు సిరోంచ ఊరి సంగతి. ఇది చెప్పేటప్పుడు నాకు దుఃఖం ఆగదు. ప్రాణహిత గోదావరిలో కలిసే చోట, కాళేశ్వరానికి ఎదురుగా ఉంది సిరోంచ. ఈనాడు గడ్చిరోలి జిల్లాలో ఒక మారుమూల తాలూకా. 1860లో నిజాం గోదావరి ఎడమ ఒడ్డున ఉన్న సిరోంచ, నూగూరు, ఆలుబాక, చర్ల, భద్రాచలం, రేకపల్లి తాలూకాలను ఇంగ్లీషువాళ్లకు ఇచ్చేశాడు. వాటన్నిటినీ కలిపి ఎగువ గోదావరి జిల్లా చేశారు. దానికి సిరోంచే ముఖ్యపట్టణం. బేరారు పత్తిని గోదావరి మీద పడవల్లో సముద్రం దాకా దించాలని వాళ్ల ఆలోచన. ఇంజనీరు ఆర్థర్ కాటన్ ఈ దారి కోసం ఎంతో వాదించాడు. దుమ్మగూడెం, ఇంచంపల్లి, దేవలమర్రి దగ్గర నదికి అడ్డుపడే రాతిగుట్టలను దాటించడానికి ఆనకట్టలూ కాలువలూ మొదలుపెట్టారు. ఈలోగా 1867లో బొంబాయి రైలు నాగపూర్ చేరింది. పత్తి రైలెక్కింది. 1871లో నదిపనులు ఆపేశారు. 1874లో జిల్లానే రద్దు చేశారు. భద్రాచలం, రేకపల్లి మద్రాసు రాజధానికి పోయాయి, సిరోంచ చాందా జిల్లాలో మిగిలింది.

దొరలు పోయారని ఏడవడం లేదు. అడవి టేకును కొట్టుకుపోయినవాళ్ల కోసం, తిరగబడ్డ గోండు నాయకుడు బాబూరావ్ షెడ్‌మాకేను 1858లో చాందాలో ఉరితీసినవాళ్ల కోసం కన్నీళ్లు అక్కర్లేదు. నా బాధ ఆ ఊరి కోసం. ఎక్కడో కూర్చున్నవాళ్ల లెక్కల్లో అది ముఖ్యపట్టణమైంది, మళ్లీ వాళ్ల లెక్కల్లోనే కొరగానిదైంది. పైకెత్తినప్పుడూ కింద పడేసినప్పుడూ ఊరివాళ్లను అడిగింది లేదు. స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఆ ఒరవడి పెద్దగా మారలేదు. 1982లో గడ్చిరోలి జిల్లా ఏర్పడింది. సిరోంచవాళ్లు జిల్లా కేంద్రానికి పోవాలంటే అడవిదారిన రెండు వందల కిలోమీటర్ల పైమాటే. కాళేశ్వరం వైపు వంతెన 2016లో గాని రాలేదు. 2019లో గోదావరి మీద మేడిగడ్డ బ్యారేజీ వచ్చాక వరదకు పొలాలు మునుగుతున్నాయని ఒడ్డు రైతులు మొరపెట్టుకుంటూనే ఉన్నారు. ఒకనాటి ఆ ఎగువ గోదావరి జిల్లా ఈరోజు మూడు రాష్ట్రాల్లో ఉంది. సిరోంచ మహారాష్ట్రలో, భద్రాచలం, చర్ల, ఆలుబాక తెలంగాణలో, రేకపల్లి ఆంధ్రప్రదేశ్‌లో.

అందువల్ల పిల్లలకు జరిగింది ఏమిటి? ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, కొందరికి ఇంట్లో మాడియా. జ్ఞానేశ్వరుడి పసాయదాన్ ప్రార్థన నోటికి వచ్చిన పిల్లలు ఉన్నారు. చాలా సంతోషం. కానీ గోదావరి దిగువన, ఒకప్పుడు తమ జిల్లాలోనే ఉన్న భద్రాచలం రాముడి మీద కంచర్ల గోపన్న కట్టిన కీర్తనలు వాళ్లలో చాలామంది చెవిన పడలేదు. త్యాగరాజు అంతటివాడు గురుతుల్యుడిగా తలచుకున్న రామదాసు ఆయన. ఇంటి భాషలో, పొరుగూరి కోవెలలో పుట్టిన సంగీతం ఆ పిల్లలకు పరాయిది కావడం అన్యాయం.

అలాగని మరాఠీ బడిలో తెలుగు పాటను పోటీకి నిలబెట్టాలని నేను అనను. ఆ పిల్లలకు హిందుస్తానీ, కర్ణాటక సంగీతాలు రెండూ సొంతం. స రి గ ప ద పాడించి, ఆ బడి మాస్టారిని ఇది ఏ రాగమని అడిగితే భూప్ అంటారు. నేను మోహన అంటాను. స్వరాలు అవే. భూప్‌లో అవి నిలకడగా ఉండి, మీండ్‌తో ఒకదాని నుంచి ఒకదానికి జారుతాయి. మోహనలో రిషభ ధైవతాలు గమకంతో ఊగుతాయి. రెండూ ఒకే తంబురా మీద పాడి వినిపిస్తే పదేళ్ల పిల్ల కూడా తేడా పట్టేస్తుంది. యమన్ కల్యాణి అవుతుంది, మాల్కౌన్స్ హిందోళం అవుతుంది. మిరజ్‌లో స్థిరపడిన ఉస్తాద్ అబ్దుల్ కరీంఖాన్ త్యాగరాజు తెలుగు కృతిని ఖరహరప్రియలో పాడి రికార్డుగా ఇచ్చాడని చెప్తే మరాఠీ మాస్టార్లు ఆశ్చర్యపోతారు. తెలుగు ఆయన మాతృభాష కాదు. పాట బాగుందని నేర్చుకున్నాడు.

"డాక్టరు దొరకని చోట సంగీతమా?" అని అడిగేవాళ్లు ఉన్నారు. డాక్టరు కావాలి. రోడ్డు కావాలి, మునిగిన పొలానికి పరిహారం కావాలి. వాటికోసం గట్టిగా అడగాలి. కానీ అవన్నీ వచ్చేదాకా పాట ఆగాలనే వాదం ఎప్పుడూ పేద పిల్లల ముందే వినిపిస్తుంది. నగరంలో ఐదేళ్ల బిడ్డను సంగీతం క్లాసుకు పంపేటప్పుడు ఏ తల్లినీ ఎవరూ ఆ ప్రశ్న అడగరు.

రేడియో ఒకప్పుడు ఈ పని చాలా చేసింది. విజయవాడ కేంద్రం భక్తిరంజని వింటూ, సంగీత శిక్షణ పాఠాల వెంట గొంతు కలుపుతూ ఎన్నో ఊళ్లలో పిల్లలు స్వరం పట్టుకున్నారు. అయితే రేడియోలో తంబురా వినపడుతుందే గాని చేతికి అందదు. తీగ అదురు వేలికి తెలియాలి, బుర్రకు చెవి ఆనించాలి.

మంచిర్యాల, భూపాలపల్లి, కరీంనగర్, చంద్రపూర్‌లలో సంగీతం చెప్పుకుంటున్న ఉపాధ్యాయులకు నా మనవి ఒక్కటే. వంతెన ఉంది, బస్సు ఉంది. వానలు తగ్గి దసరా దాటాక ఏడాదికి ఒక వారం సిరోంచ బడులకు కేటాయించండి. ఫోనులో మోగే శ్రుతిపెట్టె సరిపోదు, అసలు తంబురానే పట్టుకెళ్లండి. కచేరీ చేయకండి. శ్రుతి చేసి పిల్లల చేతికివ్వండి, మీటనివ్వండి. ఒక రామదాసు కీర్తన, ఒక మరాఠీ అభంగం నేర్పి రండి. మరుసటి ఏడు మళ్లీ వెళ్లండి.