పొరుగు దేశం తీర్పరి కాగలదా?



ఇది మా మాస్టారి స్మారకోపన్యాసం. మాస్టారి పదవులూ పుస్తకాలూ ఆహ్వానపత్రంలో ఉన్నాయి కాబట్టి మళ్ళీ ఏకరువు పెట్టను. నాకు బాగా గుర్తున్నది ఆయన ఎర్ర సిరా. నా వ్యాసంలో ‘పలువురి అభిప్రాయం’ అని కనబడిన చోటల్లా కింద గీత గీసి, పక్కన ‘ఎవరు?’ అని రాసేవారు. ఆ అలవాటు నాకూ అంటుకుంది. దానివల్ల కొందరు మిత్రులతో విరోధం కూడా వచ్చింది.

ఆ విరోధం జింబాబ్వే గురించి. 2008 ఎన్నికల తర్వాత దక్షిణాఫ్రికా అధ్యక్షుడు థాబో ఎంబెకీ మధ్యవర్తిత్వాన్ని ప్రతిపక్షం ఎండీసీ శంకించింది. అది అలక అనీ, పాశ్చాత్య దేశాలు చెప్పి చేయించిన పని అనీ మన అంతర్జాతీయ వ్యవహారాల నిపుణులు చాలామంది రాశారు. ఇప్పటికీ తరగతుల్లో అలాగే చెబుతున్నారు. అది తప్పని నా వాదన. పొరుగు దేశం తీర్పరి కాగలదా అని ఎండీసీ అడిగింది న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు ఇవ్వకపోవడం వల్లనే ఆ మధ్యవర్తిత్వం చెడింది.

1980 స్వాతంత్ర్యం, 2000 తర్వాతి భూముల స్వాధీనం, నోటుకు విలువ లేకుండా పోయిన ద్రవ్యోల్బణం మీకు తెలిసినవే. 2007 మార్చిలో ప్రతిపక్ష నాయకుడు మోర్గన్ స్వాంగిరాయ్‌ని పోలీసులు చితకబాదారు. ఆ నెలాఖరులో దార్ ఎస్ సలామ్‌లో సమావేశమైన ప్రాంతీయ దేశాల కూటమి సాడెక్, చర్చలు నడిపే బాధ్యతను ఎంబెకీకి అప్పగించింది. 2008 మార్చి 29న పోలింగ్ జరిగింది. అధ్యక్ష ఎన్నిక ఫలితం మే 2 దాకా బయటికి రాలేదు. వచ్చినప్పుడు స్వాంగిరాయ్‌కి 47.9 శాతం, అధ్యక్షుడు ముగాబేకి 43.2 శాతం. రెండో విడత ముందు ప్రతిపక్ష కార్యకర్తల మీద దాడులు పెరిగాయి. స్వాంగిరాయ్ పోటీ నుంచి తప్పుకున్నారు. జూన్ 27న ముగాబే దాదాపు ఒంటరిగా పోటీ చేసి గెలిచారు. సెప్టెంబరు 15న అధికార పంపిణీ ఒప్పందం కుదిరింది.

ఏప్రిల్ 12 దగ్గర కాసేపు ఆగాలి. పోలింగ్ జరిగి రెండు వారాలైనా ఫలితం లేదు. జాంబియా అధ్యక్షుడు లేవీ మ్వనవాసా లుసాకాలో అత్యవసర సమావేశం పిలిచారు. దానికి వెళ్తూ ఎంబెకీ హరారేలో ఆగి, ముగాబేని కలిసి, సంక్షోభమేమీ లేదని విలేకరులతో అన్నారు. ఎన్నికల సంఘం ఫలితం ప్రకటించేదాకా ఆగమనడమే ఆయన ఉద్దేశమని సమర్థకులు చెబుతారు. ఉద్దేశం అదే అనుకుందాం. ఫలితం ఆపి ఉంచడమే తగవు అయినప్పుడు, ఆగమని చెప్పిన మధ్యవర్తి ఏ పక్షం మాట చెప్పినట్టు? కొద్ది రోజుల్లోనే ఎంబెకీని తప్పించి మ్వనవాసాకి ఆ పని అప్పగించమని స్వాంగిరాయ్ కోరారు. ఎంబెకీ కొనసాగారు. మ్వనవాసా ఆ ఆగస్టులో కన్నుమూశారు.

అదే ఏడాది కెన్యాలో జరిగింది చూడండి. ఎన్నికల వివాదం మీద కోఫీ అన్నన్ నడిపిన చర్చలకు దక్షిణాఫ్రికా నేత సిరిల్ రామఫోసాని తీసుకురాబోతే, ఆయనకు ప్రతిపక్ష నేత ఒడింగాతో వ్యాపార సంబంధాలున్నాయని కిబాకీ ప్రభుత్వపక్షం అభ్యంతరం చెప్పింది. రామఫోసా వెంటనే తప్పుకున్నారు. ఫిబ్రవరి నెలాఖరుకి ఒప్పందం కుదిరింది. కెన్యాలో ప్రభుత్వం వద్దంటే మధ్యవర్తి వెళ్ళిపోయాడు, జింబాబ్వేలో ప్రతిపక్షం వద్దంటే ఉండిపోయాడు. మన ఊళ్ళ రచ్చబండ దగ్గర కూడా ఒక కక్షిదారు పొలం కౌలుకు చేసే పెద్దమనిషిని రెండోవాడు వద్దంటే ఎవరూ తప్పుపట్టరు.

నాతో విభేదించేవారి బలమైన మాట ఒకటుంది, దాన్ని దాటవేయను. ఎంబెకీ నడిపిన చర్చల ఫలితంగానే ఎన్నికల చట్టం మారి, ప్రతి పోలింగ్ కేంద్రం గుమ్మం దగ్గర ఓట్ల లెక్క అంటించడం మొదలైంది. ఆ కాగితాలు కూడుకునే ఎండీసీ తన ఆధిక్యాన్ని దేశానికి చాటగలిగింది. ఇది నిజం, ఎంబెకీకి దక్కవలసిన గౌరవం. అయితే లెక్క గోడ మీదికి తెచ్చిన మనిషే, ఆ లెక్క అమలు దగ్గర ఎందుకు నెమ్మదించారు? పొరుగు దేశానికి కావలసింది సరిహద్దులో ప్రశాంతత. అప్పట్లో జింబాబ్వే శరణార్థులు దక్షిణాఫ్రికాకి పోటెత్తారు. 2008 మేలో అక్కడ వలసవచ్చినవారి మీద దాడుల్లో అరవై మందికి పైగా చనిపోయారు. ఆ ఆందోళన సహజమే. కానీ ప్రశాంతత కోరేవాడికి ఓట్ల లెక్క ఎటు తేలినా ఒకటే. ప్రతిపక్షానికి ఆ లెక్క తప్ప వేరే ఆస్తి లేదు.

ఏప్రిల్ 12 నాటి మాట మొదటి సాక్ష్యమైతే, రెండోది, నేను ఎక్కువ కాలం వెచ్చించినది, ఖాంపెపే నివేదిక. 2002 ఎన్నికలప్పుడు ఎంబెకీ ఇద్దరు న్యాయమూర్తులను, సిసి ఖాంపెపేనీ డికాంగ్ మోసెనెకేనీ, జింబాబ్వే పంపారు. దక్షిణాఫ్రికా పరిశీలకుల బృందం ఆ ఎన్నిక చెల్లుతుందని బహిరంగంగా ప్రకటించింది. న్యాయమూర్తులు మాత్రం ఎన్నికకు ముందు హింసనీ, పట్టణాల్లో పోలింగ్ కేంద్రాల కోతనీ, పౌరసత్వ చట్టం మార్పుతో పోయిన ఓటుహక్కునీ నమోదుచేసి, ఆ ఎన్నిక స్వేచ్ఛగా, న్యాయంగా జరిగిందనలేమని తేల్చారు. ఆ నివేదికను దక్షిణాఫ్రికా ప్రభుత్వం తొక్కిపెట్టింది. 2008లో మెయిల్ అండ్ గార్డియన్ పత్రిక సమాచార చట్టం కింద అడిగింది. దౌత్య రహస్యమని ప్రభుత్వం అంది. కోర్టుల్లో ఏళ్ళ తరబడి పోరాడాక 2014 నవంబరులో అది బయటికి వచ్చింది.

అది 2002 సంగతి, 2008కి ఏం సంబంధం అని నన్ను ఖండించినవారున్నారు. సంబంధం ఉంది. 2007లో చర్చల బల్ల మీద ఉన్నవి హింస, ఓటర్ల జాబితా, పోలింగ్ ఏర్పాట్లే. వాటి మీద తన సొంత న్యాయమూర్తుల తీర్పు మధ్యవర్తి బీరువాలో ఉంది. బల్లకు ఎదురుగా కూర్చున్న ప్రతిపక్షానికి అది తెలియదు. స్వాంగిరాయ్ చివరికి ఒప్పందం మీద సంతకం పెట్టారు కదా, ఇంకేం అభ్యంతరం అంటారు. జూన్ హింస తర్వాత సంతకం పెట్టకుండా ఉండే స్తోమత ఆయనకుందా? 2008 నవంబరులో హోంశాఖ మీద తగవు సాడెక్ శిఖరాగ్ర సమావేశానికి వచ్చింది. స్వాంగిరాయ్‌ని బయటికి పంపి, దేశాధినేత హోదాలో ముగాబేని లోపలే కూర్చోబెట్టుకుని, శాఖను ఇద్దరూ పంచుకోమని తీర్మానించారు. అధికారంలో ఉన్నవారి కూటమికి అధికారంలో ఉన్నవాడు సభ్యుడు. ఎండీసీ భయం ఎంబెకీ స్వభావం గురించి కాదు, ఈ అమరిక గురించి.

ఇప్పుడు నేను రాస్తున్న పుస్తకం మన పొరుగు గురించి. ఇక్కడ పెద్ద పొరుగువాళ్ళం మనమే. 2013 డిసెంబరులో బంగ్లాదేశ్‌లో ప్రతిపక్షం బీఎన్‌పీ ఎన్నికలు బహిష్కరించబోతున్న వేళ మన విదేశాంగ కార్యదర్శి ఢాకా వెళ్ళారు. ఎన్నికల్లో నిలవమని తనను కోరారని జాతీయ పార్టీ నేత ఎర్షాద్ బయట చెప్పారు. బీఎన్‌పీ మనల్ని శంకించింది. ఆ శంకను తోసిపుచ్చాలన్నా, ఒప్పుకోవాలన్నా కాగితాలు చూడాలి. 1997 ప్రభుత్వ రికార్డుల నిబంధనల ప్రకారం జాతీయ అభిలేఖాగారానికి ఫైళ్ళు వెళ్ళడానికి పాతికేళ్ళు పడుతుంది. సమాచార హక్కు చట్టం 8(1)(ఎ) విదేశీ సంబంధాలను మినహాయిస్తుంది. ఇరవై ఏళ్ళు దాటిన సమాచారానికి 8(3) తలుపు తెరిచినా, ఈ మినహాయింపును అలాగే ఉంచింది. మిగిలేది 8(2), ప్రజాప్రయోజనం ఎక్కువైతే వెల్లడించవచ్చనే నిబంధన. దక్షిణాఫ్రికా పత్రిక నెగ్గిన కేసు మన కోర్టులను కట్టిపడేయదు గానీ, ఎన్నికల గురించిన దౌత్యపత్రాన్ని రహస్యం పేరుతో దాచడానికి ప్రభుత్వం చూపిన కారణాలను వాళ్ళ న్యాయమూర్తులు ఒక్కొక్కటిగా పరీక్షించిన తీరు మన సమాచార కమిషన్ల ముందు చదివి వినిపించదగ్గది. నా మూడో అధ్యాయం ఆ తీర్పుల మీదే సాగుతోంది.