నాలుగు బల్లలు, ఒక జట్టు
(ఒక కళాశాల గ్రంథాలయ వారోత్సవంలో చేసిన ప్రసంగ పాఠం)

అనువాదాన్ని గురించి నాలుగు మాటలు చెప్పమని నన్ను ఆహ్వానించారు. హిందీ గ్రంథాలను తెలుగులోకి తేవడం నా వృత్తి. అయితే ఈరోజు అనువాదంతో ఆరంభించి చదరంగంలోకి వెళ్ళదలచుకొన్నాను. అందుకు కారణం ఒక కథ.

ప్రేమ్‌చంద్ 1924లో రాసిన ‘శతరంజ్ కే ఖిలాడీ’ మీలో కొందరైనా చదివి ఉంటారు. వాజిద్ అలీషా కాలపు లక్నో నగరం. మీర్జా సజ్జాద్ అలీ, మీర్ రోషన్ అలీ అనే ఇద్దరు జాగీర్దారులకు చదరంగమే లోకం. 1856లో ఇంగ్లీషు కంపెనీ అవధ్ రాజ్యాన్ని కలుపుకొంటుంది. నవాబు బందీ అవుతాడు. రాజ్యం పోయినందుకు కంట తడి పెట్టని ఈ మిత్రులిద్దరూ చదరంగపు మంత్రికోసం కత్తులు దూసి ఒకరినొకరు పొడుచుకొని ప్రాణాలు విడుస్తారు. సత్యజిత్ రాయ్ 1977లో దానిని చలనచిత్రంగా తీసినప్పుడు వారిని బ్రతకనిచ్చాడు. ప్రేమ్‌చంద్ మాత్రం దయ చూపలేదు.

ఇటువంటి కథను తెలుగు చేయబూనినవారికి మొదటి అవరోధం పావుల పేర్లే. హిందీలో వజీర్ అంటే మనకు మంత్రి. ప్యాదా అంటే బంటు. ఇంతవరకు బాధ లేదు. కాని అక్కడ ‘ఊంట్’, అనగా ఒంటె, నిలిచే చోట మన పల్లెల్లో చాలామందికి శకటు నిలుస్తుంది. అక్కడ ‘శహ్’, ‘మాత్’ అంటారు. మనవారు ‘ఆటకట్టు’ అన్నారు. ఈ ఒక్క మాట తెలుగువాడి గడుసుతనానికి నిదర్శనమని నేననుకొంటాను, ఎందుకంటే అందులో రాజు చావలేదు, ఆట మాత్రమే కట్టువడింది. పేర్లు మారినా అరవైనాలుగు గళ్ళు మారవు. కాశీలోనైనా కాకినాడలోనైనా గుర్రం ఒకే విధంగా దూకుతుంది.

ఆ కథలో ఇద్దరే ఇద్దరు మనుషులు. వారి ఆటతో మూడవవాడికి నిమిత్తం లేదు. చదరంగం స్వభావతః మనిషిని ఏకాకిని చేసే ఆట అని లోకంలో ఒక అభిప్రాయం ఉన్నది. దానికి సమాధానంగా నిలిచే మరొక చదరంగం ఉన్నది. అది జట్టు చదరంగం. దాన్ని గురించే నేడు మీకు చెప్పాలని వచ్చాను.

జట్టు పోటీ విధానం సులభమైనదే. ఒక్కొక్క జట్టునుంచి నలుగురు, ఎదుటి జట్టు నలుగురితో నాలుగు బల్లలమీద ఏకకాలంలో తలపడతారు. బల్ల అంటే బోర్డే. ఐదవ వ్యక్తి అదనపు ఆటగాడుగా ఉంటాడు. ఎవరు మొదటి బల్ల, ఎవరు నాలుగవ బల్ల అనే క్రమాన్ని పోటీ ప్రారంభానికి ముందే రాసి ఇవ్వాలి. తరువాత మార్చడానికి వీలులేదు. ఒకరికి విశ్రాంతి ఇస్తే క్రింది బల్లలవారు ఒక్కొక్క మెట్టు పైకి జరుగుతారు. 2008లో డ్రెస్డెన్‌లో జరిగిన ఒలింపియాడ్ నుంచి జట్టు గెలుపుకే ప్రాధాన్యం. నాలుగూ గెలిచినా, రెండున్నర ఒకటిన్నరతో గెలిచినా జట్టుకు వచ్చేవి రెండు పాయింట్లే. అందువల్ల ఒక చిత్రమైన పరిస్థితి ఏర్పడుతుంది. పక్క బల్లమీద సహచరుడు ఓడిపోతున్నాడని తెలిస్తే, తనకు సుఖంగా డ్రా కాగల ఆటను కూడా ప్రమాదానికి ఒడ్డి గెలుపుకోసం ఆడవలసి వస్తుంది. పక్కవాడు గెలిచే స్థితిలో ఉంటే తన పరాక్రమాన్ని అదుపులో పెట్టుకోవలసి వస్తుంది. ఎత్తు వేసేది ఒక్కడే, కాని లెక్క నలుగురిది.

ప్రపంచ జట్ల పోటీ 1927లో లండన్‌లో మొదలైంది. విజేతకు ఇచ్చే కప్పు పేరు హామిల్టన్-రస్సెల్ కప్పు. మహిళల పోటీలు 1957లో ఆరంభమైనాయి. ఆ కప్పుకు తొలి మహిళా ప్రపంచ విజేత వెరా మెంచిక్ పేరు పెట్టారు.

మన ఉపఖండంనుంచి హామిల్టన్-రస్సెల్ కప్పు పోటీలలో మొట్టమొదట మెరిసినవాడు పంజాబుకు చెందిన మీర్ సుల్తాన్ ఖాన్. సర్గోధా ప్రాంతపు గ్రామీణుడు. తన యజమాని సర్ ఉమర్ హయాత్ ఖాన్ వెంట ఇంగ్లండు వెళ్ళి 1929, 1932, 1933లలో బ్రిటిష్ ఛాంపియన్‌షిప్ గెలిచాడు. 1930లో హాంబర్గ్, 1931లో ప్రాగ్, 1933లో ఫోక్‌స్టన్ ఒలింపియాడ్లలో మొదటి బల్లమీద కూర్చున్నాడు. ప్రాగ్‌లో రూబిన్‌స్టైన్‌నూ ఫ్లోర్‌నూ ఓడించాడు, ప్రపంచ విజేత అలెఖిన్‌తో డ్రా చేశాడు. అయితే అతడు ఆడినది ఇంగ్లండు జట్టు పక్షాన. మనకు అప్పుడు జట్టు లేదు. స్వదేశానికి తిరిగివచ్చిన తరువాత పెద్ద పోటీలకు దూరమై 1966లో సర్గోధాలోనే మరణించాడు. ఆ ఊరు అప్పటికి పాకిస్తాన్‌లో ఉన్నది. 2024లో ప్రపంచ చదరంగ సమాఖ్య అతనికి గౌరవ గ్రాండ్‌మాస్టర్ బిరుదు ఇచ్చింది. ఆ గౌరవానికి ఎంత ఆలస్యమైందో మీరే లెక్క వేసుకోండి.

స్వాతంత్ర్యానంతరం అఖిల భారత చదరంగ సమాఖ్య 1951లో ఏర్పడింది. తొలి జాతీయ పోటీ ఎక్కడ జరిగిందో తెలుసునా? ఢిల్లీలో కాదు, కలకత్తాలో కాదు. 1955లో మన ఏలూరులో! ఆంధ్ర చదరంగ సంఘం ఆ బాధ్యతను తలకెత్తుకొన్నది. మహారాష్ట్రకు చెందిన రామచంద్ర సాప్రే, ఆంధ్రుడైన డి. వెంకయ్య సమానంగా నిలిచి విజేతలైనారు. మరుసటి సంవత్సరమే, 1956లో, మాస్కో ఒలింపియాడ్‌లో భారత జట్టు తొలిసారి పాల్గొన్నది.

ఆ తొలి దశాబ్దాలలో పతకాల ఊసు లేదు. మెరుపులు మాత్రం ఉన్నాయి. 1960లో లైప్‌జిగ్‌లో మాన్యుయెల్ ఆరన్ మాజీ ప్రపంచ విజేత మాక్స్ ఏవేను ఓడించాడు. బర్మాలో పుట్టి తమిళనాడులో పెరిగిన ఆరన్ 1961లో మన దేశపు తొలి అంతర్జాతీయ మాస్టర్ అయినాడు. అయితే ఆయన విజయాలకన్నా మరొక పనికి నేను ఎక్కువ విలువ ఇస్తాను. 1972లో మద్రాసులోని సోవియట్ సాంస్కృతిక కేంద్రంలో మిఖాయిల్ తాల్ పేర ఒక చదరంగ క్లబ్బును నెలకొల్పాడు. అక్కడ గెలిచినవాడు కుర్చీలో ఉండేవాడు, ఓడినవాడు లేచి తన వంతుకోసం వేచి ఉండేవాడు. ఆ వరుసలో నిలబడి నేర్చుకొన్న పిల్లలలో విశ్వనాథన్ ఆనంద్ ఒకడు. 1983లో బొంబాయిలో జాతీయ జట్ల పోటీ జరిగినప్పుడు ‘మద్రాస్ కోల్ట్స్’ అనే కుర్రకారు జట్టులో పదమూడేళ్ళ ఆనంద్ ఆడి ఆరన్‌నే ఓడించాడు. గురుస్థానీయుణ్ణి ఎదుటి జట్టులో చూసి ఓడించడం జట్టు పోటీలు పెట్టే పరీక్షలలో ఒకటి. మరుసటి ఏడాది ఆనంద్ ఒలింపియాడ్‌కు వెళ్ళాడు. 1988లో మన తొలి గ్రాండ్‌మాస్టర్ అయినాడు. దక్షిణాసియాలో ఆ బిరుదు తొలుత పొందినవాడు మాత్రం బంగ్లాదేశ్‌కు చెందిన నియాజ్ ముర్షెద్, 1987లో. మన పత్రికలు ఈ సంగతిని తరచు మరచిపోతుంటాయి.

తొలి ఒలింపియాడ్ పతకం 2014లో నార్వేలోని ట్రామ్సోలో వచ్చింది. ఆనంద్ లేడు, హరికృష్ణ లేడు. పరిమార్జన్ నేగి, సేతురామన్, శశికిరణ్, అధిబన్, ఆంధ్రుడైన లలిత్‌బాబు కలిసి కాంస్యం తెచ్చారు. పెద్ద పేర్లు లేని జట్టు మొదటి పతకం తేవడం యాదృచ్ఛికం కాదని నా ఊహ.

2020లో కరోనా మహమ్మారి వల్ల పోటీ అంతర్జాలానికి ఎక్కింది. ఆరు బల్లల మిశ్రమ జట్టు. ఇద్దరు పురుషులు, ఇద్దరు స్త్రీలు, ఒక బాలుడు, ఒక బాలిక. సెమీఫైనల్లో పోలండ్‌తో సమవుజ్జీగా నిలిచిన తరువాత చివరి నిర్ణాయక ఆటను గుడివాడకు చెందిన కోనేరు హంపి ఆడి గెలిచింది. రష్యాతో ఫైనల్లో అంతర్జాల సంబంధం తెగి నిహాల్ సరీన్, దివ్యా దేశ్‌ముఖ్‌ల గడియారాలు అయిపోయాయి. చివరకు ఉభయ జట్లనూ విజేతలుగా ప్రకటించారు.

2022 ఒలింపియాడ్ రష్యాలో జరగవలసినది. ఉక్రెయిన్ యుద్ధం వల్ల అది మహాబలిపురానికి వచ్చింది. ఏర్పాట్లకు దొరికిన వ్యవధి సుమారు నాలుగు నెలలు. ఆతిథ్య దేశంగా అదనపు జట్లను దింపే అవకాశం లభించింది. కుర్రవాళ్ళతో నిండిన రెండవ జట్టులో పదహారేళ్ళ గుకేశ్ మొదటి బల్లమీద కూర్చుని వరుసగా ఎనిమిది ఆటలు గెలిచాడు. పదవ రౌండులో ఉజ్బెకిస్తాన్‌తో, గెలవదగిన స్థితినుంచి, సమయం చాలక పొరపడి ఓడిపోయాడు. మ్యాచ్ రెండు రెండుగా ముగిసింది. చివరకు ఉజ్బెకిస్తాన్‌కు స్వర్ణం, మనకు కాంస్యం దక్కాయి. తల రెండు చేతులలో దాచుకొని కూర్చున్న ఆ బాలుని ఛాయాచిత్రం పత్రికలలో చూసినవారికి జ్ఞాపకం ఉండే ఉంటుంది. మరునాడు చివరి రౌండులో జర్మనీని ఓడించి కాంస్యం నిలబెట్టినది అదే జట్టు. ఒకడి తప్పిదాన్ని నలుగురూ పంచుకొన్నారు.

అదే చోట మహిళల మొదటి జట్టు చివరి రౌండు వరకు అగ్రస్థానంలో ఉండి అమెరికా చేతిలో ఓడి కాంస్యంతో సరిపెట్టుకొన్నది. గుంటూరు ఆడపడుచు ద్రోణవల్లి హారిక ఆ పోటీలో నిండు చూలాలుగా ఆడింది. ఆ నెలలోనే తల్లి అయింది.

ఇక 2024 సెప్టెంబరులో బుడాపెస్ట్. పురుషులు, స్త్రీలు ఇద్దరూ ఆడదగిన బహిరంగ విభాగంలో మన జట్టు పదకొండు మ్యాచ్‌లలో పది గెలిచి ఒకటి డ్రా చేసింది. 22 పాయింట్లకు 21. గుకేశ్ పది ఆటలలో 9, వరంగల్లుకు చెందిన అర్జున్ ఎరిగైసి పదకొండింట 10 పాయింట్లు తెచ్చారు. ఇది దిగ్విజయం. దీనిమీద రాసిన వ్యాసాలు మీ గ్రంథాలయంలో దొరుకుతాయి కనుక నేను సాగదీయను.

నన్ను ఎక్కువగా ఆకర్షించినది మహిళల జట్టు నడిచిన బాట. వారి బాట నల్లేరుమీద బండి కాదు. ఎనిమిదవ రౌండులో పోలండ్ చేతిలో ఓడారు. తొమ్మిదవదానిలో అమెరికాతో వైశాలి ఓడిపోగా, ఢిల్లీ యువతి వంతికా అగర్వాల్ అనుభవశాలి ఐన ఇరినా క్రష్‌ను ఓడించి రెండు రెండుగా నిలిపింది. ఆ ఒక్క ఆట చేజారి ఉంటే స్వర్ణం ఆశ అక్కడే కరిగిపోయేది. పదవ రౌండులో నాగపూరు అమ్మాయి దివ్య చైనాపై గెలిచి మ్యాచ్‌ను గెలిపించింది. దివ్యకు, వంతికకు తమ తమ బల్లలమీద వ్యక్తిగత స్వర్ణాలు కూడా వచ్చాయి.

మొదటి బల్లమీద హారిక. ఆమె వ్యక్తిగత పాయింట్లు ఈసారి తక్కువే. పట్టిక చూసి పెదవి విరిచినవారున్నారు. నేను వారితో ఏకీభవించను. ప్రతి దేశమూ తన బలమైన క్రీడాకారిణిని మొదటి బల్లమీదనే నిలుపుతుంది. హంపి ఆ పోటీకి రానందున ఆ భారమంతా హారికమీద పడింది. ఆమె పైన కూర్చుని గట్టి దెబ్బలు కాచుకొన్నందువల్లనే వైశాలి, దివ్య, వంతిక క్రింది బల్లలమీద తమకు తగిన ప్రత్యర్థులతో ఆడగలిగారు. పాయింట్ల పట్టికలో ఈ సంగతికి గడి లేదు. చివరి రౌండులో అజర్‌బైజాన్‌మీద ఆమె గెలిచింది. జట్టు మూడున్నర అరతో నెగ్గి స్వర్ణం అందుకొన్నది. హారిక 2004నుంచి భారతదేశం పక్షాన ఒలింపియాడ్లు ఆడుతున్నది. ఇరవై సంవత్సరాల నిరీక్షణ అది.

అదే సభామందిరంలో బంగ్లాదేశ్ తరఫున రాణీ హమీద్ ఎనభై ఏళ్ళ వయసులో బల్లముందు కూర్చున్నది. ఆమెను చూడటానికైనా బుడాపెస్ట్ వెళ్ళి ఉండవలసిందని నాకు అనిపిస్తుంది.

మరొక చిన్న ముచ్చట. రెండు విభాగాల ఫలితాలను కలిపి ఉత్తమ దేశానికి నోనా గప్రిందష్విలి పేర ఒక కప్పు ఇస్తారు. 2022లో అది మనకే వచ్చింది. 2024లో తిరిగి ఇవ్వవలసిన వేళకు వెతికితే కనిపించలేదని పత్రికలలో వచ్చింది. కప్పు పోయినా గెలుపు పోలేదు. 2024లో కూడా ఆ బహుమతి మనదే అయింది. ఇకనైనా బీరువాకు తాళం వేస్తారని ఆశిద్దాం.

విద్యార్థి మిత్రులారా, చివరగా ఐదవ కుర్చీ సంగతి చెప్పి విరమిస్తాను. బుడాపెస్ట్ స్వర్ణ జట్టులో అదనపు ఆటగాడు గుంటూరుకు చెందిన పెంటల హరికృష్ణ. 2001లో గ్రాండ్‌మాస్టర్ అయినవాడు, సంవత్సరాలపాటు దేశపు అగ్రశ్రేణి బల్లలమీద ఆడినవాడు. ఈసారి తనకన్నా ఎంతో చిన్నవారైన గుకేశ్, ప్రజ్ఞానంద, అర్జున్‌ల వెనుక, విదిత్ గుజరాతీ తరువాతి స్థానంలో కూర్చోవడానికి సమ్మతించాడు. పదకొండు రౌండ్లలో అతడు ఆడినవి కొద్ది ఆటలే. పతకం అందుకొనేటప్పుడు ఐదుగురూ ఒకే వరుసలో నిలిచారు. ఆ తరువాత మూడు నెలలకు, 2024 డిసెంబరు 12న, సింగపూరులో డింగ్ లిరెన్‌ను ఓడించి గుకేశ్ ప్రపంచ విజేత అయినాడు. అతనికోసం తెరవెనుక ఆరంభపు ఎత్తులు సిద్ధం చేసిన బృందంలో హరికృష్ణ ఒకడు.